ఫాంగ్ నా అఖాతంలో పడవ మొత్తం మనమే మాట్లాడుకుంటే నిజంగా ప్రయోజనం ఉందా?

శైలజ_ప్రయాణం

వచ్చే జనవరిలో మేము కుటుంబ సమేతంగా థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కు వెళ్తున్నాము. ఫాంగ్ నా అఖాతం చూడాలని మా అత్తగారు ఎన్నాళ్లుగానో అంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పి ఉంది, మా పిల్లలిద్దరూ ప్రాథమిక పాఠశాల వయసువాళ్లు. మేము దిగబోయే హోటలుకు రాసి అడిగితే రెండు రకాల యాత్రలు చెప్పారు. ముప్పై నలభై మందితో కలిసి స్పీడ్‌బోటులో వెళ్లడం ఒకటి, పడవ మొత్తం మనమే మాట్లాడుకుని వెళ్లడం రెండోది. రెండింటిలోనూ చూపించే చోట్లు ఒకటే: జేమ్స్ బాండ్ దీవి, కో పన్యీ, కో పనక్, కో హాంగ్ (థాయ్ భాషలో "కో" అంటే దీవి). చోట్లు మారనప్పుడు కొన్ని రెట్లు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. "ప్రశాంతంగా ఉంటుందండీ" అన్న మాట తప్ప వేరే కారణం వినిపించలేదు. వెళ్లివచ్చినవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

తెరచాప

చోట్లు అవే, కానీ వేళలు వేరు. ఫుకెట్ నుంచి బయలుదేరే గుంపు పడవలన్నీ హోటళ్ల దగ్గర జనాన్ని ఎక్కించుకుని రేవు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. అందువల్ల జేమ్స్ బాండ్ దీవి దగ్గర పదిన్నర మొదలుకొని మధ్యాహ్నం రెండింటి దాకా పడవ పక్కన పడవ ఆగి ఉంటుంది. ఆ ఇసుక ఒడ్డు చాలా చిన్నది. అక్కడ నిలబడి ఎదురుగా నీళ్లలో ఉన్న కో తపూ అనే రాతి స్తంభం వైపు చూస్తే ముందు కనిపించేవి ఫోన్లు పట్టుకున్న చేతులే. అదే చోటికి మేము పొద్దున్న ఎనిమిదిన్నరకు చేరినప్పుడు ఒడ్డున దుకాణాలవాళ్లు ఇంకా పట్టాలు విప్పుకుంటున్నారు.

రెండో సంగతి, ఎక్కడ పడవ ఎక్కుతారన్నది. అఖాతానికి పడమట ఫుకెట్, ఉత్తరాన ఫాంగ్ నా, తూర్పున క్రాబీ ఉన్నాయి. ఫుకెట్‌లో ఉన్నంతమాత్రాన ఫుకెట్ రేవులోనే ఎక్కాలని లేదు. ఫుకెట్‌ను ప్రధాన భూభాగంతో కలిపే వంతెన దాటి కారులో ఫాంగ్ నా వైపు వెళ్లి, సురకుల్ రేవులోనో థా డాన్ రేవులోనో లాంగ్‌టెయిల్ అనే అక్కడి ఇంజన్ పడవ మాట్లాడుకోవచ్చు. అక్కడ పడవ మొత్తానికి అడిగిన డబ్బు, ఫుకెట్ హోటల్లో మాకు చెప్పినదాంట్లో సగం కూడా లేదు. పైగా విశాల సముద్రంలో ఎగిరెగిరి పడే ప్రయాణం తప్పి, మడ అడవుల మధ్య కాలువలో నిదానంగా అఖాతంలోకి ప్రవేశిస్తారు. మీ అత్తగారి మోకాళ్లకు ఈ దారే మంచిదని నా అభిప్రాయం.

కొబ్బరాకు

నేను ఒప్పుకోను. మేము గుంపు యాత్రలోనే వెళ్లాము, అన్నీ చూశాము, తెలుగువాళ్లు మరో కుటుంబం కూడా కలిసింది, పిల్లలకు ఆటకు తోడు దొరికింది. ఒక్క పూట చూసే దీవుల కోసం పడవ మొత్తం మాట్లాడుకోవడం అనవసరపు ఖర్చు. మిగిలిన డబ్బుతో కో యావో నోయి దీవిలో ఒక రాత్రి ఉండవచ్చు.

పోటుపాటు

అన్నీ చూశామన్నారు కాబట్టి కొబ్బరాకు గారిని ఒకటి అడుగుతాను: కో పనక్ గుహల్లోంచి లోపలి మడుగులోకి వెళ్లగలిగారా, లేక బయటి నుంచే చూసి వచ్చారా?

ఇది దెప్పడానికి అడగడం లేదు. ఈ అఖాతంలో ఏది చూడగలమో ఏది చూడలేమో తేల్చేది సముద్రపు పోటు. అండమాన్ సముద్రం వైపున్న ఈ థాయ్ తీరంలో రోజుకు రెండుసార్లు పోటు (నీరు పెరగడం), రెండుసార్లు పాటు (నీరు తగ్గడం) వస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల దగ్గర నీటిమట్టం రెండు మీటర్లకు పైగా పెరిగి తగ్గుతుంది. కో పనక్ లాంటి దీవులు బయటికి గట్టి కొండల్లాగే కనిపిస్తాయి గానీ, లోపల పైకప్పు కూలిపోయిన పెద్ద గుహలు ఉంటాయి. వాటినే అక్కడివారు హాంగ్‌లంటారు. చుట్టూ నిలువు గోడలు, పైన ఆకాశం, అడుగున ఉప్పునీటి మడుగు, అందులో మడ చెట్లు. లోపలికి దారి ఒక సొరంగం మాత్రమే. నీళ్లు బాగా పెరిగితే ఆ సొరంగం కప్పు దాకా మూసుకుపోతుంది. బాగా తగ్గితే బురద, రాళ్లు తేలి కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) కదలదు. ఈ రెండింటి మధ్య దొరికే కొద్దిపాటి వ్యవధిలోనే లోపలికి వెళ్లి, మళ్లీ బయటికి వచ్చేయాలి.

మేము వెళ్లినప్పుడు సొరంగం మధ్యలో కప్పు ఎంత కిందికి దిగి ఉందంటే, కయాక్‌లో వెల్లకిలా పడుకోమని తెడ్డు వేసే అబ్బాయి చెప్పాడు. ముఖానికి జానెడు ఎత్తులో రాయి, ఆ రాతికి అతుక్కుని తడిగా మెరుస్తున్న ఆలిచిప్పల అంచులు ఒకదాని వెంట ఒకటి వెనక్కి జరిగాయి. అతను తెడ్డు పక్కన పెట్టి, అరచేతులతో కప్పును తోస్తూ కయాక్‌ను ముందుకు నడిపాడు. చెయ్యి బయట పెట్టవద్దని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది, ఆ చిప్పలు కత్తిలా కోస్తాయి.

గుంపు యాత్రల్లో చాలావాటికి బయలుదేరే వేళ రోజూ ఒకటే, పోటు వేళ మాత్రం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. రెండూ కుదిరిన రోజు అదృష్టం. పడవ మన చేతిలో ఉంటే ఏ దీవి ముందు, ఏ దీవి తరువాత అన్నది పోటును బట్టి మార్చుకోగలము. అదనంగా పెట్టే డబ్బుకు దొరికేది ఈ వెసులుబాటే.

శైలజ_ప్రయాణం

పోటుపాటు గారూ, ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. పోటు వేళలు ముందుగా తెలుసుకోవడం ఎలా? మా అత్తగారు కయాక్‌లో పడుకోలేరు. ఆవిడకు లోపలి మడుగు చూసే అవకాశమే ఉండదా?

నల్లరాయి

ఫుకెట్ పోటు వేళల పట్టిక ఇంటర్నెట్‌లో ఏ తేదీకైనా దొరుకుతుంది. ఇంకా టికెట్లు కొనకపోతే ముందు పంచాంగం తెరవండి. అమావాస్య, పున్నమి అయిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్ల తేడా అత్యధికంగా ఉంటుంది. అష్టమి తరువాతి ఒకటి రెండు రోజుల్లో బాగా తగ్గుతుంది. తేడా తక్కువ ఉన్న రోజుల్లో నీరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి పిల్లలతో, పెద్దలతో తిరగడం సులువు. అయితే అందరికీ పనికివచ్చే నియమం ఒకటంటూ లేదు. ఒక్కో సొరంగం ఒక్కో ఎత్తులో తెరుచుకుంటుంది, ఆ లెక్క పడవ నడిపేవాడికే తెలుసు. బేరం మొదలుపెట్టే ముందు, "ఫలానా తేదీన కో పనక్ లోపలికి ఎన్ని గంటలకు వెళ్లవచ్చు?" అని అడగండి. వెంటనే గంట చెప్పగలిగినవాడితోనే మాట్లాడండి. "ఎప్పుడైనా వెళ్లవచ్చు" అన్నవాడిని వదిలేయండి.

కొబ్బరాకు

పోటుపాటు గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను: కో పనక్‌లో మేము లోపలికి వెళ్లలేదు, నీళ్లు ఎక్కువగా ఉన్నాయన్నారు. కానీ కో హాంగ్‌లో కయాక్ ఎక్కించి రాతి తోరణాల కిందుగా తిప్పారు, అది చాలా బాగుంది. అక్కడ వంగవలసిన అవసరం పెద్దగా రాలేదు, తెడ్డు కూడా వాళ్లే వేశారు. శైలజ గారి అత్తగారు కయాక్‌లో దిగి కూర్చోగలిగితే అది నిశ్చింతగా చూడవచ్చు. గుంపు యాత్రలన్నింటినీ ఒకే గాటన కట్టవద్దు. కయాక్‌లే ప్రధానంగా నడిపే యాత్రలవాళ్లు పోటును చూసుకుని మధ్యాహ్నం కూడా బయలుదేరుతారు. అలాంటిది దొరికితే ప్రైవేటు పడవ అక్కర్లేదన్న నా మాట మీదే నేను ఉన్నాను.

పోటుపాటు

ఆ మాట న్యాయమైనది. పోటును బట్టి వేళ మార్చుకునే యాత్ర అయితే, అది గుంపుతోనైనా నేనూ సరేనంటాను.

అమ్ములు_వాళ్లమ్మ

పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారికి లాంగ్‌టెయిల్ పడవ గురించి కొన్ని సంగతులు చెప్పాలి, ఎందుకంటే తెరచాప గారు రాసింది చదివితే అది పూర్తిగా సుఖమైన ప్రయాణమనిపిస్తుంది. కారుకో లారీకో వాడే ఇంజన్‌ను పడవ వెనక భాగంలో ఒక ఇరుసు మీద బిగిస్తారు, దాని నుంచి పొడవాటి కడ్డీ నీళ్లలోకి వెళ్తుంది, ఆ కడ్డీ చివర పంకా ఉంటుంది. చుక్కాని వేరే ఉండదు, ఇంజన్ మొత్తాన్ని అటూ ఇటూ తిప్పి పడవను నడుపుతారు. లోతు తక్కువైన చోట కడ్డీని పైకి ఎత్తేయవచ్చు కాబట్టి మడ కాలువల్లోకి ఇది వెళ్లినట్టు మరొకటి వెళ్లలేదు. కానీ మోత విపరీతం. వెనక బల్ల మీద కూర్చున్న మా నాన్నగారు దిగిన తరువాత చాలాసేపు మేము అన్నదేదీ వినిపించుకోలేకపోయారు. పెద్దవాళ్లను ముందు వైపు కూర్చోబెట్టండి, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీసుకువెళ్లండి. పడవలో మరుగుదొడ్డి ఉండదు, కో పన్యీలోని భోజనశాలల దాకా ఆగవలసిందే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రేవు మెట్లకూ పడవ అంచుకూ మధ్య ఎత్తు తేడా ఉంటుంది. పాటు వేళలో ఆ తేడా మరీ పెరుగుతుంది, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అసలు కష్టం అక్కడే.

డబ్బు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. మేము మాట్లాడుకున్న పడవ నాలుగు గంటలకని చెప్పారు, తీరా ఎక్కిన తరువాత కయాక్ వేరే, పార్కు రుసుము వేరే, ఒక దీవి దగ్గర ఎక్కువసేపు ఆగితే ఆ సమయానికి వేరే అన్నారు. మా నాన్నగారి ఎదుట వాదులాట ఎందుకని ఇచ్చేశాము గానీ, ఆ పూటంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. పడవ ఎక్కకముందే కాగితం మీద రాయించుకోండి: ఎన్ని గంటలు, ఏ దీవులు, ఏ వరుసలో, ఏవేవి కలిపి. మాట్లాడేది మనిషికి ఇంత అనా, పడవకు ఇంత అనా అన్నది కూడా స్పష్టంగా అడగాలి.

తెరచాప

అమ్ములు వాళ్లమ్మ గారు చెప్పినవన్నీ సరైనవే. ముఖ్యంగా మెట్ల సంగతి నేను రాయవలసింది. నీరు నిండుగా ఉన్నప్పుడు ఎక్కితే పడవ అంచు మెట్టుకు దాదాపు సమంగా వస్తుంది.

రాతిపొర

పోటు గురించి ఇంత చర్చ జరిగింది కాబట్టి, ఆ కొండల ఆకారానికి కూడా దానితో సంబంధం ఉందని చెప్పాలి. ఇవి పెర్మియన్ యుగపు సున్నపురాయి కొండలు, అంటే పాతిక కోట్ల సంవత్సరాలకు పైబడినవి. వాన నీరు పగుళ్లలోకి దిగి రాతిని కరిగిస్తూ లోపల గుహలు తొలిచింది. మంచుయుగం ముగిసిన తరువాత సముద్రమట్టం పెరిగి, ఒకప్పటి లోయలు మునిగిపోగా కొండ శిఖరాలు దీవులుగా మిగిలాయి. ఇప్పుడు ఆటుపోట్ల మధ్య ప్రాంతంలో ఉప్పునీరు, అలలు, రాతిని గీకి తినే జీవులు కలిసి కొండల మొదళ్లను లోపలికి కోస్తున్నాయి. కో తపూను చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. సుమారు 20 మీటర్ల ఎత్తున్న ఆ రాతి స్తంభం పై భాగంలో దాదాపు 8 మీటర్ల వెడల్పు ఉండి, నీటి దగ్గరికి వచ్చేసరికి 4 మీటర్లకు సన్నబడుతుంది. దాని దగ్గరికి పడవలు వెళ్లడాన్ని 1998 నుంచి నిషేధించారు. అందుకని ప్రైవేటు పడవ అయినంత మాత్రాన దాని కిందికి తీసుకువెళ్తారని ఎవరూ అనుకోవద్దు, అలా తీసుకువెళ్తామన్నవారిని ప్రోత్సహించవద్దు. ఖావో ఫింగ్ కాన్ ఒడ్డు నుంచి, సుమారు 40 మీటర్ల దూరంలో చూడవలసిందే. 1974లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా వల్ల జేమ్స్ బాండ్ దీవి అన్న పేరు స్థిరపడింది, కానీ ఆ దీవి అసలు పేరు ఖావో ఫింగ్ కాన్.

వీలైతే నీరు తగ్గిన వేళ చూడండి. కోసుకుపోయిన ఆ మెడ భాగం, దాని మీద పట్టీలా అతుక్కున్న ఆలిచిప్పలు బయటపడతాయి.

పాలపిట్ట

అంటే కో తపూకు పాటు వేళ, రేవు మెట్లకు పోటు వేళ, కో పనక్‌కు మధ్య వేళ అన్నమాట. శైలజ గారి పడవవాడు గణితంలో దిట్ట అయి ఉండాలి!

దారిచూపు

మరో గందరగోళం ముందే తొలగించుకోండి. కో హాంగ్ పేరుతో రెండు దీవులున్నాయి. ఒకటి ఇక్కడ మాట్లాడుకుంటున్న ఫాంగ్ నా అఖాతపు జాతీయ పార్కులోనిది, రాతి తోరణాల మధ్య కయాక్‌లో తిరిగేది. రెండోది క్రాబీ వైపున్న వేరే జాతీయ పార్కులోనిది, తెల్లని ఇసుక ఒడ్డు, పైకి ఎక్కి చూసే కట్టడం ఉన్నది. ఇంటర్నెట్‌లో "హాంగ్ దీవికి ప్రైవేటు పడవ" అని కనిపిస్తే ఏదో సరిచూసుకోండి. మా బంధువులు ఫొటో ఒకదానిది చూసి, రెండోదానికి డబ్బు కట్టారు. రెండూ అందమైనవే గానీ ఇసుకలో ఆడుకోవాలని బయలుదేరిన పిల్లలకు ఒడ్డే లేకపోతే ఎలా?

వెన్నెలఒడ్డు

ఇసుక మాట వచ్చింది కాబట్టి నా అసంతృప్తి కూడా చెబుతాను. ఫొటోల్లో కనిపించే నీలి నీళ్లు ఫాంగ్ నా ఉత్తర భాగంలో లేవు. నీరు ఆకుపచ్చగా, కాస్త మట్టిరంగుగా ఉంది, అడుగు కనిపించలేదు. ఈత కొట్టాలని, చేపలు చూడాలని ముచ్చటపడి వెళ్లిన మా అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

పోటుపాటు

అది మురికి కాదండీ. థాయ్‌లాండ్‌లో మిగిలిన మడ అడవుల్లో అతి పెద్దది ఆ అఖాతం ఒడ్డునే ఉంది. వాగులు తెచ్చే ఒండ్రు, రాలిన ఆకులు ఆ లోతులేని నీటిలో కలుస్తూ ఉంటాయి, ఆటుపోట్లు వాటిని రోజూ కలియబెడతాయి. చేప పిల్లలు, రొయ్య పిల్లలు పెరిగేది ఆ నీటిలోనే. ఈ అఖాతపు చిత్తడి నేలలు 2002లో, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరాయి. ఈత కోసమైతే దక్షిణం వైపు, కో యావో దీవుల దగ్గరికో ఇంకా దిగువకో వెళ్లాలి. ఫాంగ్ నా ఉత్తర భాగానికి కొండల కోసం, గుహల కోసం, మడ అడవి కోసం వెళ్లాలి.

ఆషాఢం

మాకు సెలవులు జూన్‌లోనే దొరుకుతాయి. అప్పుడు ప్రైవేటు పడవ మాట్లాడుకోవడం ప్రమాదమా?

తెరచాప

నేనైతే వద్దంటాను. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ నైరుతి రుతుపవనాల కాలం. 2018 జులై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పడవ తుపానుగాలిలో చిక్కి మునిగి 47 మంది పర్యాటకులు చనిపోయారు. వాతావరణ హెచ్చరిక ఉన్నా పడవ బయలుదేరింది. పిల్లలను తీసుకుని అలాంటి కాలంలో సముద్రం మీదికి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

నల్లరాయి

ఆ దుర్ఘటన తలుచుకుంటే బాధ కలుగుతుంది, కానీ అది జరిగింది ఫుకెట్‌కు దక్షిణాన విశాల సముద్రంలో. ఫాంగ్ నా అఖాతానికి పడమటి గాలి తగలకుండా ఫుకెట్ దీవి అడ్డంగా ఉంది, అందుకే రుతుపవనాల కాలంలో కూడా ఇక్కడ చాలా రోజులు పడవలు తిరుగుతాయి. అయితే మబ్బు కమ్మి హఠాత్తుగా వీచే ఈదురుగాలి ఇక్కడా ప్రమాదమే. ఆషాఢం గారూ, వెళ్లాలనుకుంటే తేదీని ఖాయం చేసుకోకుండా రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి, వాతావరణం బాగా లేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా లేక తేదీ మారుస్తారా అన్నది ముందే తేల్చుకోండి. పడవవాడు "ఈ రోజు వద్దు" అంటే ఆ మాటకు ఎదురు చెప్పవద్దు. ప్రైవేటు పడవలో ఉన్న ప్రమాదం ఇక్కడే. డబ్బిచ్చాము కదా అని మనం ఒత్తిడి చేస్తే, ఆ పూట కూలి పోతుందన్న భయంతో అతను ఒప్పుకునే అవకాశం ఉంది.

ఆషాఢం

ఇది సరిగ్గా అర్థమైంది. మూడు రోజులు ఖాళీ ఉంచుకుంటాము.

అమ్ములు_వాళ్లమ్మ

కో పన్యీ గురించి ఎవరూ రాయలేదు. నీళ్లలో గుంజలు పాతి కట్టిన ఊరు అది, అక్కడివారు ముస్లిం మత్స్యకారులు. మధ్యాహ్నం అందరూ భోజనానికి ఆగేది అక్కడే కాబట్టి ఆ వేళలో ముందు వరుస భోజనశాలల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. పడవ మనదే అయితే భోజనం వేళ తప్పించి వెళ్లమని అడగండి. మేము వెనక వీధుల్లోకి నడిచాము. పలకల వంతెనల పక్కన ఎండు చేపలు ఆరబోసి ఉన్నాయి, బడి పిల్లలు నీటి మీద కట్టిన ఆటస్థలంలో బంతి ఆడుతున్నారు. అక్కడ 1986లో కుర్రాళ్లు పాత చెక్కలు కూర్చి నీటి మీద తేలే ఫుట్‌బాల్ మైదానం తయారు చేసుకున్నారు, ఆ ఊరి జట్టుకు అప్పటి నుంచే పేరు వచ్చింది. ఊళ్లోకి మద్యం తీసుకువెళ్లకూడదు, ఈత దుస్తులతో దిగకూడదు. అది వాళ్ల ఇల్లూ వాకిలీ అన్న సంగతి ఫొటోలు తీసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

శైలజ_ప్రయాణం

అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. మా ఆలోచన ఇలా మారింది. హోటలువాళ్లు చెప్పిన రెండు యాత్రలూ వదిలేసి, ముందు రోజు సాయంత్రానికే ఫాంగ్ నా వైపు వెళ్లి అక్కడే బస చేస్తాము. అష్టమి దాటిన రోజు ఒకటి మా సెలవుల్లో ఉంది, ఆ రోజు ఉదయమే లాంగ్‌టెయిల్ పడవలో మడ కాలువల మీదుగా ముందు ఖావో ఫింగ్ కాన్, తరువాత కో హాంగ్, పదకొండు లోపే కో పన్యీ చూసి తిరిగి వచ్చేస్తాము. అత్తగారు కో హాంగ్‌లో కయాక్ ఎక్కుతానంటున్నారు. కో పనక్ మాత్రం పిల్లలతో నేనూ మా వారూ మరో రోజు, పోటును బట్టి వేళ మార్చుకునే కయాక్ యాత్రలో వెళ్తాము. ఆ విధంగా పోటుపాటు గారి మాటా, కొబ్బరాకు గారి మాటా రెండూ నిలబడతాయి.

కొబ్బరాకు

ఇది నాకూ నచ్చింది. కో పనక్ వెళ్లివచ్చాక మడుగు లోపల ఏం చూశారో తప్పక రాయండి, అది చూడాలన్న కోరిక నాకు ఇప్పుడే పుట్టింది.

దారిచూపు

శైలజ గారూ, పార్కు రుసుము నగదుగా విడిగా ఉంచుకోండి, విదేశీ పెద్దలకు 300 బాత్, పిల్లలకు 150 బాత్ అని మేము వెళ్లినప్పుడు తీసుకున్నారు. ఎండకు రాసుకునే క్రీముల్లో ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ లాంటి పగడాలకు హాని చేసే రసాయనాలున్నవాటిని 2021 ఆగస్టు నుంచి థాయ్ జాతీయ పార్కుల్లో నిషేధించారు, జరిమానా లక్ష బాత్ దాకా ఉంటుంది. సీసా మీద అక్షరాలు చదివి కొనండి, లేదా పొడుగు చేతుల చొక్కాలు వేయండి. ఏదైనా వివాదం వస్తే పర్యాటక పోలీసుల నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు.

నల్లరాయి

పిల్లల కొలత లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయో లేవో ముందు రోజే అడగండి. పెద్దవాళ్ల జాకెట్టు చిన్నపిల్లలకు తొడిగితే నీళ్లలో పడినప్పుడు అది తల మీదుగా పైకి జారిపోతుంది. జాకెట్టు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి లేస్తే అది వాళ్లకు సరిపోనట్టే. రేవులో పక్క పడవలవాళ్ల దగ్గర సరైన కొలతవి అడిగి తెచ్చి ఇస్తారు, అవి వచ్చేదాకా ఎక్కకండి.